మూత మీద పేరు

“సీసా ఖాళీ చేసినవాళ్లు మళ్లీ నింపి ఫ్రిజ్‌లో పెడితే చేతులు అరిగిపోతాయా?”

పై ఫ్లాట్ ఇల్లాలి గొంతు వంటింటి కిటికీలోంచి కిందికి దిగింది. కింది ఫ్లాట్‌లో గిన్నెలు తుడుస్తున్న కోడలు చెయ్యి ఆపి మరీ వింది.

“నేను తాగలేదమ్మా! చల్లటి నీళ్లు తాగితే నాకు గొంతు పట్టేస్తుందని నీకు తెలీదా?” కొడుకు గొంతు.

“అయితే సీసాలకి కాళ్లొచ్చి సింకు దాకా నడిచెళ్లాయా? మూడు సీసాలురా! పడుకునే ముందు నింపాను, లేచేసరికి మూడూ ఖాళీ.”

“అక్కనడుగు.”

“అది నాలుగు రోజులుగా అన్నమే సరిగ్గా ముట్టట్లేదు. నీళ్లకోసం అర్ధరాత్రి లేస్తుందా?”

“పోనీలే చెల్లీ, నేను నింపుతాలే. నీళ్ల సీసాల కోసం యుద్ధమెందుకు?” అంటూ ఒక బరువైన గొంతు సర్దిచెప్పింది. గొడవ అక్కడితో చల్లారింది.

కోడలు నవ్వుకుంది. బల్ల దగ్గర పేపరు చదువుతున్న అత్తగారు మాత్రం తలెత్తకుండానే, “మూడు సీసాలా?” అన్నారు.

అత్తగారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ముప్పై ఏళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, రిటైరయ్యాక ఊరుకోలేక ముందు గదిలో ఓ బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అయ్యారు. నోట్సు రాసే పని కోడలిది. అత్తగారి బుర్ర ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూడటం ఆమెకి సినిమా కంటే బాగుండేది.

గంట తిరక్కముందే బెల్ మోగింది. పై ఫ్లాట్ అమ్మాయి. బిల్డింగంతా ఆమెని పైలట్ పిల్ల అనే పిలుస్తుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయున్నాయి.

“ఆంటీ, మా ఇంట్లోనే ఎవరో నా కొంప ముంచారు. ఎవరో తెలియాలి.”

“కూర్చో. మొదటినుంచి చెప్పు.”

ఆమె చెప్పింది. విమాన సంస్థ వాళ్ల శిక్షణలో సీటొచ్చింది. చేరాలంటే వైద్య పరీక్షలో నెగ్గిన సర్టిఫికెట్ కావాలి. కళ్లు, చెవులు, గుండె అన్నీ బాగున్నాయన్నారు. ఇంటి నుంచి సీసాలో తీసుకెళ్లిన మూత్రంలో మాత్రం చక్కెర ఉందని తేలింది. “ప్రస్తుతానికి అనర్హురాలు, నెల తర్వాత రండి” అని కాగితం రాసిచ్చారు.

“బయట రెండు చోట్ల రక్తం పరీక్ష చేయించుకున్నాను. నాకు చక్కెర లేనే లేదు. ఆ రిపోర్టులు చూపిస్తే, బయటివి చెల్లవన్నారు.”

“నెల ఆగితే ఏమవుతుంది?”

ఆ అమ్మాయి తల దించుకుంది. “ఇరవై ఎనిమిది నిండేలోపు చేరాలని వాళ్ల నిబంధన. మంగళవారానికి నాకు ఇరవై ఎనిమిది. సోమవారం సాయంత్రం లోపు సర్టిఫికెట్ ఇవ్వకపోతే సీటు పోతుంది. మళ్లీ రాదు.”

ఆ రోజు శనివారం.

“ఈ గడువు సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు?”

“ఎవరికీ చెప్పలేదు. అమ్మకి నేను వెళ్లడం ఇష్టం లేదు. తెలిస్తే, ఆ గడువు ఏదోలా దాటిపోతే చాలని దేవుడికి మొక్కుకునేది.”

అత్తగారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

పై ఫ్లాట్‌లో తల్లి బాత్రూం గుమ్మం దగ్గర వంగి చీమల మందు సుద్దతో గీత గీస్తోంది. “పంచదార డబ్బా వంటింట్లో ఉంటే, ఈ చీమలకి మా అన్నయ్య బాత్రూంలో ఏం పనో! రెండు వారాలుగా ఇదే వరస,” అంటూ లేచింది.

“మీ అమ్మాయి పైలట్ అవ్వడం మీకు ఇష్టం లేదటగా?” అని అత్తగారు సూటిగా అడిగారు.

“లేదండీ. దాచేదేముంది? మా అన్నయ్య నలభై ఏళ్లు విమానాలు నడుపుతూ గాల్లోనే ఉన్నాడు. పెళ్లీ పెటాకులూ లేకుండా ఉండిపోయాడు. ఇదీ అలాగే అవుతుందని నా భయం. అంతమాత్రాన కన్నకూతురి సీసాలో పంచదార వేస్తానా?”

“సీసా మీద పేరెవరు రాశారు?”

“నేనే. క్లినిక్ వాళ్లు ఒకేలాంటివి రెండిచ్చారు. అన్నయ్యకి అరవై దాటాయి కాబట్టి ఆర్నెల్లకోసారి పరీక్ష. ఇద్దరిదీ ఒకే రోజు పడింది.” ఆమె వంటింటి సొరుగు లాగింది. లోపల డబ్బాలన్నిటికీ మూతల మీదే చీటీలు. “సొరుగులో పెడితే మూతలే కదండీ కనిపించేది. ఆ అలవాటుకొద్దీ వాటికీ మూతల మీదే అంటించాను.”

కోడలు అది రాసుకుంది.

తమ్ముడు సోఫాలో చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు. “సంచి కారు దాకా మోసింది నేనే ఆంటీ. నామీద అనుమానమా? ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీట్లేదని ఇదే పరీక్షలో నన్ను ఇంటికి పంపేశారు. అక్కయినా నెగ్గితే ఆ డాక్టరు ముందు కాలర్ ఎగరేద్దామనుకున్నా.”

“ఏ రంగు కాలరో ముందు చూసుకో,” అంది అక్క. అంత దిగుల్లోనూ అందరూ నవ్వారు.

కెప్టెన్ మావయ్య తన గదిలో యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. అరవై నాలుగేళ్లొచ్చినా మనిషి నిటారుగా ఉన్నాడు. నడుం బెల్టు బిగించడానికి కొత్తగా పొడిచిన కన్నంలో బకిల్ పెట్టి ఉంది. పాత కన్నం దగ్గర తోలు మీద ముడత ఇంకా చెరగలేదు.

“మీ పరీక్ష ఎలా జరిగింది కెప్టెన్ గారూ?”

“సర్టిఫికెట్ ఇచ్చేశారు. ఇంకో అయిదు నెలల్లో అరవై అయిదు. అప్పుడు ఎలాగూ సీట్లోంచి లేపేస్తారు.”

“మరి నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నారే?”

“సెలవు పెట్టానండీ.”

“అన్నయ్య, సెలవా!” అంది గుమ్మంలోంచి చెల్లెలు. “జ్వరమొస్తే కూడా మందు మింగి బయల్దేరబోయేవాడు. మేమే పట్టుకుని ఆపేవాళ్లం.”

అత్తగారికి అది చాలు. కిందికొచ్చి క్లినిక్ డాక్టరుతో చాలాసేపు ఫోన్లో మాట్లాడారు. తర్వాత కోడలితో, “రేపు మధ్యాహ్నం భోజనానికి వస్తున్నామని పైన చెప్పు. అందరూ ఉండాలి,” అన్నారు.

ఆదివారం వడ్డనకి ముందు అందరూ బల్ల చుట్టూ చేరారు. అత్తగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

“ఈ పిల్ల ఒంట్లో చక్కెర లేదు. సీసాలో ఉంది. అంటే ఎవరైనా కలిపుండాలి, లేదా ఆ సీసా తనది కాకపోవాలి. కలపడం కుదరదు. వాళ్లు మూత్రంలో ముంచి చూసే కాగితం పట్టీకి మన వంటింటి పంచదార కనిపించదు. ఒంట్లోంచి దిగే గ్లూకోజుకే అది రంగు మారుతుంది. ఆ తేడా తెలిసి కలిపేవాళ్లు ఈ ఇంట్లో లేరు. బీమాలో ఉండగా ఇలాంటివి చాలా చూశాను. కాబట్టి అమ్మనీ తమ్ముణ్నీ వదిలేద్దాం.”

తల్లి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“ఇక మిగిలింది సీసా మారడం. పేర్లు సీసాలకి లేవు, మూతలకున్నాయి. మూతలు మారిస్తే మనుషులు మారిపోతారు. ఆ సంచిలో ఉన్నవి రెండే సీసాలు. ఒకటి పిల్లది. రెండోది...” అత్తగారు బల్ల మీది నీళ్ల సీసా ముందుకు జరిపారు. “ఆ రెండో మనిషికి రాత్రిళ్లు దాహం తీరట్లేదు. ఆయన బాత్రూంకి చీమలు పడుతున్నాయి. ఒళ్లు తగ్గి బెల్టుకి కొత్త కన్నం పడింది. అయినా పరీక్షలో చక్కెర చుక్క కూడా లేదన్నారు.”

ఎవరూ ఆయన వైపు చూడలేదు. చూడకపోవడమే చూసినట్టుంది.

“మావయ్యా?” పైలట్ పిల్ల కుర్చీలోంచి లేచింది. “నాకు బొమ్మ విమానం కొనిచ్చింది నువ్వు. రెక్క ఎలా పనిచేస్తుందో చెప్పింది నువ్వు!”

కెప్టెన్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు. “మూడు వారాల కింద నేనే పరీక్ష చేసుకుంటే చక్కెర ఉందని తేలింది. అయిదు నెలలే కదా, ఎలాగో గట్టెక్కితే చాలనుకున్నాను. నువ్వు ముందు లోపలికెళ్లాక, క్లినిక్ బయట కార్లో మూతలు మార్చాను. నీకేం, చిన్నదానివి, నెలాగి మళ్లీ ఇస్తావనుకున్నా. ఈ గడువు సంగతి నాకు తెలీదు తల్లీ.”

“తెలియకపోతే మాత్రం? నీ వెనక కూర్చునే రెండొందల మంది సంగతేంటన్నయ్యా?” అంది చెల్లెలు.

“అందుకే సెలవు పెట్టాను. సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర కాళ్లు రాలేదు.”

అత్తగారి గొంతు మెత్తబడింది. “కెప్టెన్ గారూ, నా దగ్గర రుజువేమీ లేదు. ఆ సీసాలు ఎప్పుడో పారేశారు. మీరు కాదంటే ఇది కట్టుకథ అయిపోతుంది. డాక్టరు ఒకటే అన్నారు. మార్చినవాళ్లు స్వయంగా వచ్చి రాసిస్తే, పిల్లకి తన ఎదుటే మళ్లీ పరీక్ష చేసి అదే రోజు ఫలితం ఇస్తారట. రాసిచ్చినవాళ్లు మాత్రం ఇక ఎగరలేరు. పైనుంచి విచారణ కూడా ఉండొచ్చు.”

కోడలు పెన్ను పక్కన పెట్టేసింది. ఇది రాయాల్సిన మాట కాదనిపించింది.

“ముందు వడ్డించు చెల్లీ,” అన్నాడు కెప్టెన్.

తల్లి వడ్డించింది. కోడలు అన్నం కలుపుతూ కెప్టెన్ వైపే చూస్తోంది. అత్తగారు మాత్రం తాపీగా తింటున్నారు. కెప్టెన్ ఏమంటాడో ఆమెకి ముందే తెలుసేమోనని కోడలికి అనుమానం వచ్చింది.

కెప్టెన్ చెయ్యి కడుక్కోకుండానే తలెత్తాడు. విమానంలో ప్రయాణికులతో మాట్లాడే గొంతుతో, తొణక్కుండా చెప్పాడు.

“రేపు ఎనిమిదిన్నరకి బయల్దేరుతున్నాం. నేను రాసిచ్చేస్తాను, సర్టిఫికెట్ వెనక్కిచ్చేస్తాను. విచారణంటే వెళ్లి నిలబడతాను. నా సర్టిఫికెట్ పన్నెండు గంటలకల్లా చెల్లకుండా పోవాలి, దీనిది సాయంత్రం నాలుగింటికల్లా చేతికి రావాలి.”

“మరి నువ్వేం చేస్తావు మావయ్యా?” అంది పైలట్ పిల్ల. ఏడుపో నవ్వో తెలియని గొంతు.

“ముందు షుగరుకి మందు వాడతాను. ఆ తర్వాత నీకు ఇంట్లో పాఠాలు చెబుతాను. నేల మీద పాఠం చెప్పడానికి ఎవరూ వయసడగరు.”

తల్లి గరిటె అందుకుంది. కూతురి పళ్లెం నిండా మళ్లీ వడ్డించింది.

“కడుపునిండా తిని తొందరగా పడుకో,” అంది. “రేపు కార్లో ముందు సీట్లో నేను కూర్చుంటాను. ఆ సీసా మూత నా చేత్తోనే బిగిస్తాను.”