తవ్వనివ్వని నేల

తడి గోనెసంచి చుట్టిన గడ్డపారను తాడుకు వేలాడదీసి, డాక్టర్ సునేత్ర దూరం నుంచి వదిలింది. మొన జానెడు లోతు దిగిందో లేదో, ఫెళ్ళున చప్పుడైంది. తడిసిన గోనెసంచి కూడా భగ్గుమంది. పక్కీరప్ప నాలుగడుగులు వెనక్కి వేశాడు. అతని భార్య కాశింబి మాత్రం కళ్ళు తిప్పలేదు.

"గొర్రెలకేం కాదు కదా మేడమ్?" అని అడిగింది.

"మేసినా, పరిగెత్తినా ఏమీ కాదు. నేలను తవ్వితేనే."

సునేత్ర తయారుచేసిన ఆ యంత్రం పేరు వేరుతీగ. నేలలో పాతితే సన్నటి దారాలుగా తనంతట తానే అల్లుకుపోతుంది. పైకి తేలిన కొసలతో ఎండను తాగి, కరెంటును కెపాసిటర్లలో దాచుకుంటుంది. ఎక్కడ తవ్వుతున్న అదురు తగిలితే అక్కడికి దాన్నంతా వదులుతుంది.

అప్పటికే కొత్త చట్టం వచ్చింది. గడ్డి బీళ్ళను కాపాడడానికి ప్రభుత్వంతో రక్షణ ఒప్పందం చేసుకుంటే, ఆ భూమి సొంతదారు పేరు మీదే ఉంటుంది. మేపుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. దున్నడానికి, తవ్వడానికి, కట్టడానికి మాత్రం ఎవరికీ, ఏనాటికీ వీల్లేదు. కాశింబికి తండ్రి ఇచ్చిన రెండెకరాల బీడులో అంతరించిపోతున్న బట్టమేక పిట్టలు నేల మీదే గుడ్లు పెట్టేవి. ఆ చుట్టుపక్కల వాటికి మిగిలిన గడ్డి అదొక్కటే. ఆమె ఒప్పందం చేసుకుంది. అక్కడ ఇళ్ళ ప్లాట్ల వెంచర్ వేయాలనుకున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి మద్దిలేటి ఆ మాట విని నవ్వి, హద్దురాళ్ళు పీకించాడు. అడ్డం పోయిన పక్కీరప్ప చెయ్యి విరగ్గొట్టించాడు. అందుకే కాశింబి సునేత్రను పిలిపించింది.

"ఆపే స్విచ్ మీ ఇంట్లో పెట్టనా?" అని అడిగింది సునేత్ర.

"స్విచ్చే వద్దు మేడమ్. నా మొగుని గొంతు మీద కత్తి పెడితే నేనే పోయి ఆపేస్తా. అది వానికీ తెలుసు."

సునేత్ర సరేనని, స్విచ్ లేకుండానే వదిలేసింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మద్దిలేటి మనుషులు పొక్లెయిన్ తెచ్చారు. పక్కీరప్ప దాని ముందు నిలబడి, "తవ్వితే చస్తార్రా, నా మాట వినండి!" అని అరిచాడు. ఒకడు కట్టెతో నెత్తి మీద కొట్టాడు. నెత్తురు కళ్ళలోకి కారుతున్నా అతను కదల్లేదు. పొక్లెయిన్ బకెట్ అతని పక్కనే నేలను కొరికింది.

ఫెళ్ళుమంది. డ్రైవర్ చేతులు లివర్లకు అతుక్కుపోయాయి. ఒళ్ళు విల్లులా వంగి, నోట్లోంచి నురగ వచ్చింది. అదుపు తప్పిన పొక్లెయిన్ గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి, పక్కీరప్ప మీద పడింది. గడ్డపారలతో తవ్వబోయిన ఇద్దరు ఒళ్ళు కాలి కూలబడ్డారు. మిగిలినవాళ్ళు పారిపోయారు.

కాశింబి వచ్చేసరికి మొగుడు బతికే ఉన్నాడు. పొక్లెయిన్ ఇనప చెయ్యి రొమ్మును నొక్కేస్తోంది. వీపు కింద మట్టి కాస్త తోడితే ఈవలికి లాగేయొచ్చు. ఆమె రెండు చేతులతో నేలను గీరింది. కరెంటు ఆమెను ఎత్తి విసిరేసింది. పాక్కుంటూ వచ్చి మళ్ళీ గీరింది. గోళ్ళు కమిలిపోయాయి. మూడోసారి గానీ చూసుకోలేదు, తను తవ్విన ప్రతిసారీ ఆ దెబ్బ పక్కీరప్పకూ తగులుతోందని.

"తవ్వద్దే... ఓర్చుకోలేను," అన్నాడతను.

ఆమె సునేత్రకు ఫోన్ చేసి అరిచింది. "ఆపు మేడమ్! నీ కాళ్ళు మొక్కుతా, ఆపు!"

అవతలి నుంచి ఏడుపు వినిపించింది. "ఆపే దారి లేదమ్మా. క్రేన్ పంపిస్తున్నా."

క్రేన్ వచ్చేదాకా అతని తల ఒళ్ళో పెట్టుకుని, నెత్తురు తుడుస్తూ కూర్చుంది. అది దూరంగా రోడ్డెక్కి కనబడేసరికి అతని ఊపిరి ఆగిపోయింది.

దినాలు గడిచాక సునేత్ర ఊరికి వచ్చింది. ఇంటి ముందు పసారాలో కాశింబి పక్కన చుట్టుపక్కల రైతులు కూర్చుని ఉన్నారు. మద్దిలేటి కన్ను వాళ్ళ బీళ్ళ మీద కూడా ఉండేది.

"పాత వేరుతీగ ఇంకెక్కడా పెట్టను. ఇప్పుడు దానికి స్విచ్ చేశాను," అంది సునేత్ర.

రైతుల్లోంచి హుసేనప్ప అనే ముసలాయన ముందుకు జరిగాడు.

"స్విచ్ ఉండేది మాకొద్దు మేడమ్. పక్కీరప్పకు పెట్టిందే మాకూ పెట్టు. ఆ పొద్దు నుంచి మద్దిలేటి ఈ పక్కకు రాలేదు."

కాశింబి కట్లు కట్టిన చేతులు ముందుకు చాపింది.

"వీటిని చూసినాక కూడా అడుగుతాండావా చిన్నాయనా?"

"చూసే అడుగుతాండాను తల్లీ," అన్నాడు హుసేనప్ప.