పోయొస్తానన్న మాట

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి కువైట్‌లో బాడుగ గది కోసం తిరిగి ఉండడు. తిరిగుంటే మూడోది కూడా చేర్చేవాడు. కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాల్లో గదులకేం కొదవ లేదు. ఫోన్ చేస్తే ఒకడు కుటుంబాలకే అంటాడు, ఇంకొకడు మలయాళం వాళ్ళకే అంటాడు, మరొకడు వంట చేయనని ఒట్టేస్తే రమ్మంటాడు.

పుష్పలతకు నాలుగు నెలల్లో ఇది మూడో గది. ఖైతాన్‌లో పాత భవనం, రెండో అంతస్తు. కాపలా చూసే కరీముల్లా ఆమె ఊరివైపు రాయచోటి మనిషే కావడంతో పని తేలికైంది. గదికి సొంత తలుపుంది, కిటికీ ఉంది. ఇనుప మంచాలు రెండు అతనే మోయించి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి గోడవారగా వేయించాడు.

"ఇంగేం కావాలక్కా, రాజభవనం," అని తాళంచెవులు చేతిలో పెట్టి పోయాడు.

ఆ రాత్రికి చెల్లెలు వెంకటేశ్వరి దిగుతోంది. పుష్పలత ఊడ్చే బడిలోనే దానికీ పని కుదిరింది. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన పిల్ల. పుష్పలతకు ఈ లోకంలో నా అన్న మనిషి ఇంకెవరూ లేరు. ఆ పిల్ల వచ్చేలోపల ఈ గదిలోంచి ఒక మనిషిని పంపించెయ్యాలి. ఆ మనిషి చనిపోయి నాలుగు నెలలైంది.

అంతకుముందు ఫహాహీల్‌లో ఆమె, మద్దమ్మ ఒకే గదిలో ఉండేవాళ్ళు. గదంటే గదా! హాలును చెక్కలతో నాలుగు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. పై మంచం పుష్పలతది, కింది మంచం మద్దమ్మది. పదకొండేళ్ళు అట్లాగే గడిచాయి. "ఎప్పటికైనా మనం కిటికీ ఉండే గది తీసుకోవల్ల మే," అనేది మద్దమ్మ. పడుకునే ముందు మెటికలు విరుచుకునేది. ఎడమ చిటికెనవేలు ఇస్త్రీపెట్టె కింద కాలి బిగుసుకుపోయింది కాబట్టి తొమ్మిదే పలికేవి. ఆ తొమ్మిదీ వింటే గానీ పుష్పలతకు నిద్ర పట్టేది కాదు.

మార్చిలో ఒక పొద్దున మద్దమ్మ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. కాగితాలు తెమిలి శవాన్ని ఊరికి పంపేరోజు అందరూ ఆస్పత్రికి పోయి చివరిచూపు చూసుకున్నారు. ఒక్కొక్కరే మాట్లాడకుండా బయటికొచ్చారు. పుష్పలత మాత్రం గడప దాటుతూ, పదకొండేళ్ళుగా పనికి పోయేముందు రోజూ అనే మాటే అనేసింది.

"అక్కా, పోయొస్తా."

ఫహాహీల్‌లో పక్క ముక్కలో ఉండే బుడేన్‌బీ చెయ్యి పట్టి గుంజింది. "ఎంత మాటన్నావు మే. చచ్చిపోయినోళ్ళ దగ్గర పోయొస్తా అంటారా ఎవురన్నా? గమ్మున వచ్చెయ్యల్ల."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. వారం తిరక్కుండానే ఖాళీ కింది మంచంలో మెటికలు వినిపించాయి. తొమ్మిది.

పుష్పలత ఫర్వానియాకు మారింది. అక్కడ ఎవరో బాల్కనీకి రేకులు కొట్టి గది అని బాడుగకిచ్చారు. అందులో మంచమే లేదు. మెటికలు పక్కనున్న ఖాళీ చాప మీద నుంచి వినిపించాయి. తిరిగొస్తానన్న మనిషి రాకపోతే కాచుకున్న మనిషే వెతుక్కుంటూ వస్తుంది కదా. పుష్పలతకు భయం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది. కానీ ఒకరోజు ఆ చాప మీద నడుం వాల్చిన పక్కింటి నేపాలీ పిల్ల మూడు రోజులు జ్వరంతో లేవలేదు. తన జాగాలో పడుకున్నావని ఎవరో గుండెల మీద కూర్చున్నారని చెప్పింది. పుష్పలతకు అప్పుడు చెల్లెలు గుర్తొచ్చింది.

ఖైతాన్ గదికి చేరిన ఆ మధ్యాహ్నం మూడింటికి బయట దుమ్ము లేచింది. ఆకాశం ముందు ఇటుక రంగుకు తిరిగింది, తర్వాత పూర్తిగా మూసుకుపోయింది. వీధిలో కార్లు పట్టపగలే లైట్లు వేసుకున్నాయి. కిటికీ సందుల్లోంచి సన్నటి మట్టి దిగుతోంది. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతోంది. పుష్పలత కిటికీ దగ్గరి మంచం మీద చెల్లెలి కోసం కొత్త దుప్పటి పరిచి, గోడవార మంచం మీదికి వచ్చి కూర్చుంది. ఉన్నట్టుండి కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది.

టప్.

కిటికీ వైపు నుంచి.

టప్... టప్...

లెక్కపెట్టకూడదనుకుంది. అవే లెక్కకొచ్చాయి. తొమ్మిది. దుప్పటి నడుమ మెల్లగా కుంగింది. ఆస్పత్రిలో శవాన్ని చూసిన గదిలోని మందు వాసన ముక్కుకు తగిలింది.

"అక్కా..." పుష్పలత ఆ వైపు తిరిగింది. "నువ్వనుకున్నట్టే కిటికీ ఉండాది చూడు. కానీ నా చెల్లెలు వస్తాండాది. అది ఏమెరగని పిల్ల. దాని జోలికి పోవద్దు."

దుప్పటి కుంగే ఉంది.

"ఆ పొద్దు నేను తప్పు మాటన్న్యా. నేను రాను అక్కా. నాకోసం కాచుకోవద్దు. నువ్వు పో..."

జ్వరమొస్తే గంజి కాచి తాగించిన మనిషిని పొమ్మనడమంటే మాటలా. పుష్పలత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత కుంగిన దుప్పటి నెమ్మదిగా పైకి లేచింది. తలుపు గడియ కదిలింది. చెవి పక్కనే, ఎప్పటిలాగే అలిసిన గొంతు...

"సరే మే. పోయొస్తా."

"పోయిరా అక్కా," అంది పుష్పలత.

అలవాటు. అనేశాక నాలుక కరుచుకుంది. అప్పటికే తలుపు మూసుకుంది.

ఐదింటికి గాలి తగ్గి కరెంటొచ్చింది. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి వెంకటేశ్వరి ఫోన్ చేసింది.

"అక్కా, విమానం ఎక్కేదానికి వరసలో నిలబడినా. నువ్వేం భయపడొద్దు, నీ స్నేహితురాలు కలిసింది."

"ఏ స్నేహితురాలు?"

"పేరు చెప్పలా. నీతో పదకొండేండ్లు ఉన్న్యానంటాది. కాగితాలన్నీ ఆమే చూసిపెట్టింది. నా పక్క సీటేనంట."

పుష్పలత ఫోన్లోకి అరిచింది. "వెంకటీ, ఎక్కొద్దు. వెనక్కి వచ్చెయ్. నా మాట విను..."

"మైకులో అరస్తాండారు, ఏం వినబళ్ళేదు అక్కా. ఫోన్ ఆపమంటాండారు. ఒక్క మాట చెప్పు. గదిలో ఉండేది రెండే మంచాలంట కదా. గోడవార నీదంట, కిటికీ దగ్గరిది తనదంట. నేను యాడ పండుకోవల్లనో నిన్నే అడగమంటాండాది."