కదిలిన ముఖం

అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడ్డ గెటిస్‌బర్గ్‌లో ఫిరంగులు ఆగి మూడు రోజులైంది. వాన వెలిసి ఎండ మండుతోంది. సిపాయిలు తొక్కేసిన గోధుమ చేలో బండి ఆపి, లైమన్ గుర్రాలకి గడ్డి వేస్తున్నాడు. బండి లోపలంతా నల్లగుడ్డ కట్టిన చీకటి గది, ఫోటోలు కడగడానికి. తలుపు తెరిస్తే పలకలకి పూసే ఈథర్ మందు వాసన గుప్పుమంటుంది. ఆ వేళ అదే నయమనిపించింది. చేలో శవాల వాసన అలాంటిది.

"ఒరేయ్ లైమన్, వీడి కాళ్లు పట్టు," అన్నాడు ఎజ్రా. లైమన్ అక్క మొగుడు. పట్నంలో జనం యుద్ధం ఫోటోల కోసం ఎగబడుతున్నారని వచ్చాడు.

దక్షిణాది సిపాయి ఒకడు గుంటలో బోర్లా పడున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. రాతిగోడ పక్కనైతే ఫోటో బాగుంటుందని ఇద్దరూ అక్కడికి ఈడ్చుకెళ్లారు.

"బావా, ఒళ్లు వెచ్చగా ఉంది."

"ఈ ఎండలో పడుంటే నువ్వూ వెచ్చగానే ఉంటావు."

ఎజ్రా వాడి ముఖం కెమెరా వైపు తిప్పి, పక్కన ఓ తుపాకీ ఆనించి, మూత తీసి పదిహేను అంకెలు లెక్కపెట్టాడు. బొమ్మ పడ్డ గాజు పలక బండిలో కడిగి తెచ్చి వెలుతురులో చూశాడు. గోడ రాళ్లు, తుపాకీ, చొక్కా గుండీలు చెక్కినట్టున్నాయి. ముఖం మాత్రం పొగలా చెదిరిపోయింది.

లైమన్ సిపాయి వైపు తిరిగాడు. మూత తీసి ఉన్నంతసేపట్లో కదిలితేనే అలా చెదురుతుంది.

"బావా... బతికే ఉన్నాడు."

సిపాయి పెదవులు కదిలాయి. "నీళ్లు..."

లైమన్ బండిలోని నీళ్ల పీపా వైపు పరుగెత్తబోతే ఎజ్రా రెక్క పట్టుకున్నాడు. "అవి పలకలు కడిగే నీళ్లు. పొట్టలో గుండు దిగినవాడు, ఎలాగూ సాయంత్రం చూడడు."

"ఒక్క గుక్క బావా..."

"నోర్మూసుకో."

లైమన్ నోరు మూసుకున్నాడు. ఎజ్రా టోపీ ముఖం మీదికి లాక్కుని, నీడలో కూర్చుని ఎదురుచూశాడు. మధ్యాహ్నం తిరిగేసరికి సిపాయి కదలడం మానేశాడు. కళ్లు మాత్రం ఎజ్రా మీదే నిలిచిపోయాయి. రెండో ఫోటో తీసి, పలకతో ఎజ్రా బండెక్కి తలుపేసుకున్నాడు. లైమన్ బండి మెట్టు మీద తలపట్టుకుని కూర్చున్నాడు.

లోపల నీళ్ల చప్పుడు. తర్వాత గుసగుస...

"ఎవరది? లైమన్, నువ్వేనా?"

లైమన్ బదులు చెప్పబోయాడు. నోరు పెగల్లేదు. మెడ తిప్పబోయాడు... తిరగలేదు. లోపల ఇంకెవరో ఊపిరి తీస్తున్నారు. గురగురమని... తడిగా...

"నీళ్లు..."

అన్నది ఎజ్రా.

"ఒక్క గుక్క... నీ కాళ్లు పట్టుకుంటా..."

గోళ్లు చెక్కని గీకుతున్నాయి. పక్కనే పీపా ఉంది కదా! అప్పుడు మరో గొంతు, దక్షిణాది యాసలో, తాపీగా అంది:

"అవి పలకలు కడిగే నీళ్లు."

చప్పుళ్లన్నీ ఆగాయి. అప్పుడొచ్చింది లైమన్ ఒంట్లోకి కదలిక. తలుపు లాగాడు. ఎజ్రా పీపాని కావలించుకుని చచ్చి పడున్నాడు. పెదవులు పగిలి, నాలుక నల్లగా ఉబ్బి, రోజుల తరబడి దాహంతో మాడినవాడిలా. పీపా నిండా నీళ్లు. చుక్క తగ్గలేదు.

తొట్టిలో అప్పుడే కడిగిన పలక ఒకటి ఉంది. వెలుతురుకి ఎత్తాడు. గోడ లేదు, సిపాయి లేడు. మెట్టు మీద తలపట్టుకుని కూర్చున్న మనిషి వీపు... లైమన్ వీపే. మూసిన తలుపుకి లోపలి నుంచి తీసిన ఫోటో. చొక్కా కుట్లు కూడా ఎంచవచ్చు.

కెమెరా ఇంకా గోడ దగ్గర, ఎండలో, మూడు కాళ్ల మీద నిలబడే ఉంది.