పద్నాలుగు మిల్లీమీటర్ల పగులు

మధ్యాహ్నం రెండూ పదికి నివేదిక మాయమైంది. రెండూ నలభైకి పోలీసులకు ఫిర్యాదు అందింది. మూడూ ఐదుకి లేడీ ఇన్‌స్పెక్టర్ వంతెనల ఆఫీసులో అడుగుపెట్టింది.

స్టేషన్లో ఆమెను చాటుగా మిరపకాయ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు.

పోయింది కాలినడక వంతెన తనిఖీ నివేదిక. ఐదింటికల్లా అది పై ఆఫీసుకు చేరకపోతే, పగుళ్ళున్నా రేపు పొద్దున వంతెన తెరుస్తారు. దాని మీద నడిచేది బడిపిల్లలు.

టైపిస్టు గోడవారగా నిలబడి ఉంది. నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఈవిడే డిలీట్ చేసింది మేడమ్. రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేసింది. అరెస్టు చెయ్యండి,” అన్నాడు ఇంజనీరు.

“కూర్చోమ్మా,” అంది ఇన్‌స్పెక్టర్ టైపిస్టుతో. తర్వాత ఇంజనీరు వైపు తిరిగింది. “ఫిర్యాదు ఎప్పుడు రాశారు?”

“ఫైల్ పోయాకే. రెండున్నరకి.”

“ఎక్కడ?”

“ఆవిడ కంప్యూటర్లోనే. ఆఫీసు లెటర్‌హెడ్ దాన్లోనే ఉంది.”

“ఆ తర్వాత కంప్యూటర్ ఆపారా?”

“ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు! సాక్ష్యం కదా!”

టైపిస్టు లేచి నిలబడింది. భయంతో కాదు, కోపంతో. “ఒంటిగంటకి భోజనానికెళ్ళి ఒకటీ నలభైకి వచ్చాను మేడమ్. ఫైల్ ఉంది. రెండూ పదికి ఈయనే నన్ను రికార్డు గదికి పంపారు. వచ్చేసరికి లేదు. పన్నెండేళ్ళ ఉద్యోగం. ఒక్క పూటలో దొంగనయ్యాను!”

“నీ పని తేలిక చేసుకోడానికి కంప్యూటర్లో ఏమైనా వాడతావా?”

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“రోజూ కొలతలు వందసార్లు కాపీ కొట్టాలి మేడమ్. అందుకే క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసుకున్నా. విండోస్ కీ, వి కలిపి నొక్కితే ఇదివరకు కాపీ చేసినవన్నీ వరసగా వస్తాయి. కొత్తది పైన, పాతది కింద. కంప్యూటర్ ఆపితేనే పోతాయి.”

ఇంజనీరు నవ్వాడు. “ఇలాంటి చిట్కాలు మాకెందుకండీ?”

“తెలిసుంటే బాగుండేది,” అంటూ ఇన్‌స్పెక్టర్ రెండు కీలు నొక్కింది.

అన్నిటికంటే పైన పగుళ్ళ పట్టిక. మొత్తం నివేదికకు ప్రాణం అదే. చివరి వరస: మూడో స్తంభం, పద్నాలుగు మిల్లీమీటర్లు.

“ఈ కొలత ఎప్పుడు తెలిసింది?”

“ఒకటీ యాభైకి సర్వేయరు ఫోన్‌లో చెప్పారు. వెంటనే ఎక్కించి, పట్టికంతా కాపీ చేశా.”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేస్తే స్పీకర్‌లో సర్వేయరు అవునన్నాడు. తన ఫోన్‌లో కాల్ టైమ్ కూడా ఒకటీ యాభై అనే ఉందన్నాడు.

ఇన్‌స్పెక్టర్ పట్టిక కింద ఉన్నదాన్ని గట్టిగా చదివింది. “రెండూ పదికి మా టైపిస్టు నివేదికను చెరిపివేయడం నేను కళ్ళారా చూశాను.”

ఆమె ఇంజనీరు వైపు తిరిగింది.

“లెటర్‌హెడ్‌లో అతికించడానికి కాపీ కొట్టారు. ఇది పట్టిక కింద ఉంది. అంటే ఒకటీ యాభైకి ముందే రాశారు, ఈవిడ భోజనానికెళ్ళినప్పుడు. రెండూ పదికి జరగబోయేది మీకు ముందే ఎలా తెలుసు? జ్యోతిష్యమా?”

ఇంజనీరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. “ఆర్నెల్ల కిందట... వంతెన భేషుగ్గా ఉందని సంతకం పెట్టాను. ఇది పైకి వెళ్తే నా పని అయిపోతుంది.”

“నీ పనా!” ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చరిచింది. “పిల్లలు నదిలో పడితే? ఆ తప్పూ ఈవిడ మీదకే తోసేవాడివా? సిగ్గు లేదూ?”

ఆమె వెంట వచ్చిన కానిస్టేబుల్ బేడీలు బయటికి తీశాడు.

“ఆగండి,” అంది టైపిస్టు. అప్పటికే కంప్యూటర్ ముందుకు జరిగి పట్టికను కొత్త పేజీలో అతికించింది. ప్రింటర్ కదిలింది. నాలుగూ ఇరవైకి కాగితం ఇంజనీరు ముందు పెట్టింది.

“రూలు ప్రకారం కింద సంతకం మీదే సార్. అది లేకపోతే రేపు వంతెన తెరవడం ఆపరు. పెట్టండి.”

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

“పెట్టు,” అంది మిరపకాయ. “బేడీలు ఆ తర్వాతే.”