హాజరుపట్టీలో పాస్టరమ్మ

“పదిహేడు ఆదివారాలు! సంఘం మొత్తంలో ఎక్కువ గైర్హాజరు ఎవరిదో తెలుసా? పాస్టరు భార్యది!”

భర్త హాజరుపట్టీని మంచం మీద పడేసేసరికి ఆమె చేతిలోని తడిగుడ్డ ఆగిపోయింది. పక్షవాతంతో పడివున్న అత్తగారిని పక్కకు ఒత్తిగిలించి, వీపు మీది పుండ్లు కడుగుతోందామె. గడియగడియకూ తిప్పకపోతే ఆ ముసలి చర్మం చితికిపోతుంది. ఆదివారమని పుండు ఊరుకుంటుందా? ఆ మాట పైకి అనడానికి కూడా ఓపిక లేదామెకు...

“రేపు పైవాళ్లకు నివేదిక పంపాలి. ఆరాధనకు ఎంతమంది వచ్చారు, బాప్తిస్మాలు ఎన్ని, స్త్రీల కూటాలు ఎన్ని... ఆ కూటాలు నడపాల్సింది నువ్వు! సున్నా అని రాయనా?”

“రాసెయ్యండి,” అందామె నీరసంగా. “ఉన్నదే కదా...”

ఆయన ముఖం మాడిపోయింది. ఏదో అనబోయేంతలో వెనక తలుపు తీసుకుని, వీధి చివర మిషను కుట్టుకునే దర్జీ ఆవిడ వచ్చింది. ఇంటి మనిషిలా తిన్నగా వచ్చి, మంచానికి అవతల నిలబడి ముసలావిడ భుజం పట్టుకుంది. అప్పుడు గానీ పాస్టరును చూడలేదు!

“అయ్యో, వందనాలు అయ్యగారూ! మీరు ఇంట్లో లేరనుకున్నా...”

“రోజూ వస్తావా అమ్మా?”

“నేనొక్కదాన్నేనా! పొద్దున పళ్లబండి అక్క, మధ్యాహ్నం నర్సు పిల్ల... చర్చికి రావడం మానేసినవాళ్లమే అందరం. మా ఆయన పోయినప్పుడు నాకిక దేవుడూ వద్దు, ఎవరూ వద్దనుకున్నా. అమ్మగారు ‘కాస్త చెయ్యి వేస్తావా’ అని పిలిచారు. పెద్దమ్మగారిని తిప్పుతూ నా ఏడుపంతా విన్నారు. చర్చికి ఎందుకు రావట్లేదని ఒక్కనాడూ అడగలేదు. నా కోసం ప్రార్థన చేశారు, అంతే! నేనీ మాత్రం మనిషినయ్యానంటే అందుకేనండీ...” చీరచెంగుతో కళ్లొత్తుకుందావిడ.

పాస్టరు భార్య వైపు తిరిగాడు.

“నాతో ఎందుకు చెప్పలేదు?” అన్నాడు.

“ఎంతమంది వచ్చారనే అడిగేవారు... ఎలా ఉన్నారని అడిగితే చెప్పేదాన్నేనండీ!”

మందునీళ్లకు నాని ముడతలు పడిన ఆమె వేళ్ల వైపు ఆయన చూశాడు. మనుషులు తన ఇంటి వెనక తలుపు గుండా వస్తుంటే, చర్చి ముందు తలుపు దగ్గర తలలు లెక్కపెడుతూ నిలబడ్డాడు తను! కళ్లు నిండిపోయాయి. చొక్కా చేతులు పైకి మడుచుకుని, తల్లి మంచం దగ్గర మోకరిల్లాడు.

“ఎలా తిప్పాలో నాకు చూపించు. ఈ ఆదివారం అమ్మ దగ్గర నేనుంటాను. వాక్యం సంఘపెద్ద చెప్తాడు.”

సంఘపెద్ద సణిగాడు గానీ ఒప్పుకున్నాడు. ఆదివారం ఆమె దర్జీ ఆవిడతో కలిసి చర్చికి వెళ్లింది. మొదటి పాట ముగియకముందే నిద్ర ముంచుకొచ్చి, ఆమె తల ఆవిడ భుజం మీదికి వాలిపోయింది... వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమంటే దర్జీ ఆవిడ ఉరిమి చూసింది. సంఘపెద్ద ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి వాక్యం చదివాడు.

ఆరాధన ముగిసింది. అందరూ అడుగుల చప్పుడు కాకుండా బయటికి నడిచారు. ఆమెను ఎవరూ లేపలేదు.