కాగితం పట్టని సందు

ఓర్విల్ తెల్లారగానే వంటగది బల్ల మీది పళ్లేలు తీసేసి పాత దుప్పటి పరిచాడు. దాని మీద రైఫిల్ పెట్టాడు. బోల్టు ఊడదీసి చక్కెర డబ్బా పక్కన ఉంచాడు. బయట మోంటానా కొండలు మోకాలిలోతు మంచులో ఉన్నాయి. వేట గడువు ఆదివారం సాయంత్రంతో సరి. ఫ్రీజర్‌లో నిరుటి ఎల్క్ దుప్పి మాంసం రెండు పొట్లాలే మిగిలాయి.

కూతురు మారిట్, గురి చూడ్డానికి తుపాకీ మీద బిగించే కొత్త స్కోప్‌ను అట్టపెట్టెలోంచి తీసి అందించింది. ఓర్విల్ భార్య లోర్నా పోయి రెండేళ్లు. అప్పటినుంచి తండ్రీ కూతుళ్లు ఒకే ఇంట్లో ఉంటూ, ఉప్పు అందుకోవడానికి తప్ప మాట్లాడుకోలేదు. కొత్త స్కోప్ కావాలని అతనే అడిగాడు. పోయిన వారం గురి తప్పి ఆడ ఎల్క్ డొక్కలో తూటా దిగింది. అది నెత్తురోడుతూ లోయ దాటిపోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. తప్పు పాత స్కోప్‌దని అతనన్నాడు.

స్కోప్‌ను పట్టే రింగులు బల్ల మీద రెండు జతలున్నాయి. పాతవి పొట్టివి. మారిట్ తెచ్చినవి కొంచెం ఎత్తు.

“పొట్టివే,” అన్నాడు ఓర్విల్. “స్కోప్ తుపాకీ గొట్టానికి ఎంత దగ్గరుంటే చెంప అంత బాగా ఆనుతుంది. నలభై ఏళ్లుగా బిగిస్తున్నాను. నాకు చెప్పకు.”

“నేనేం చెప్పాను నాన్నా? దీని ముందు అద్దం పెద్దది, గొట్టానికి తగులుతుందేమో అన్నాను.”

అతను పొట్టి రింగులు ఎక్కించి స్కోప్ వాటిలో కూర్చోబెట్టాడు. “తగలదు. కాగితం దూర్చి చూడు.”

ఆమె క్యాలెండర్ అంచు చించి అద్దం కింద దూర్చింది. కాగితం ఆగిపోయింది.

“పట్టలేదు.”

“పట్టకపోవడమేంటి? సందులోంచి వెలుతురు కనబడుతుంటే!”

వెలుతురు లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుని ఉంది. మారిట్ తలెత్తి తండ్రిని చూసింది. అతను కోడి గింజను చూసినట్టు తల పక్కకు తిప్పి, ఎడమ కంటితో చూస్తున్నాడు.

“నాన్నా, ఎడమ కన్ను మూసుకో. ఇవి ఎన్ని వేళ్లు?”

“తిక్క వేషాలెయ్యకు.”

“ఎన్ని?”

అతను ఎడమ కన్ను మూశాడు. “చుట్టూ కనబడుతుంది. నడుమే లేదు. నీ మొహం ఉండాల్సిన చోట పొగ.”

“ఎన్నాళ్లనుంచి?”

“వేసవినుంచి. రెండో కంటికీ మొదలైంది.”

“తెలిసే తుపాకీ పట్టుకుని కొండెక్కావా? అక్కడ వేరే వేటగాళ్లు కూడా తిరుగుతారు! పైగా తప్పు స్కోప్ మీదికి తోసి నాతో కొత్తది కొనిపించావు!”

“మరేం చెయ్యమంటావు? నేను పనిచేసే మిల్లు మూసేశారు. మీ అమ్మ పోయింది. ఇంటికి మాంసం తెచ్చేవాణ్ని, అదొక్కటే మిగిలింది. అదీ పోతే గోడను చూస్తూ కూర్చోనా? గోడ కూడా సగమే కనబడుతోంది!”

మారిట్ కాగితం ముక్కను నలిపేసింది.

“అమ్మ జబ్బు నీకు చెప్పకుండా ఒక్క వేటకాలం దాచానని రెండేళ్లుగా నన్ను చూడ్డం మానేశావు. దాచమన్నది అమ్మే. ఈ ఒక్క ఏడాదీ మీ నాన్నను దిగులు లేకుండా వేటకు వెళ్లిరానీ అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మరి నువ్వు ఎవరికోసం దాచావు?”

తనకోసమే, అనుకున్నాడు ఓర్విల్. భయపడి దాచాడు. లోర్నా కూడా భయపడే ఉంటుంది. రెండేళ్లలో ఆ మాట ఒక్కసారీ అతనికి తట్టలేదు. భయపడుతున్న ఆమెకు తోడుగా ఉన్నది ఈ పిల్లే. దాన్నే అతను శిక్షించాడు.

“నీకు వేట పర్మిట్ ఉందా?” అన్నాడు చివరికి.

“ఏటా తీసుకుంటాను. ఇంట్లో ఉండమనేది నువ్వే.”

“కోటు వేసుకో.”

“ఎక్కడికి?”

“ఎక్కడికీ కాదు. కోటుతో భుజం మందం మారుతుంది. స్కోప్ ఆ కొలతకే బిగించాలి.”

పొట్టి రింగులు విప్పి ఎత్తువి ఎక్కించాడు. ఆ పనికి వేళ్లు చాలు, కళ్లు అక్కర్లేదు.

“కళ్లు మూసుకుని భుజానికెత్తు. చెంప ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆనించు. స్కోప్‌కోసం మెడ సాచకు. ఇప్పుడు తెరువు.”

“చుట్టూ నల్లటి అంచు ఉంది.”

అతను స్కోప్‌ను గోరంత వెనక్కి జరిపాడు. “మళ్లీ మూసుకో.”

నాలుగోసారికి ఆమె అంది, “నిండుగా ఉంది నాన్నా.”

అతను స్క్రూలు ఒక్కొక్కటే, ఒక మూలా ఇంకో మూలా, నెమ్మదిగా బిగించాడు. ఆ రైఫిల్ ఇక తన మెడకు సరిపోదని తెలుసు.

“కిటికీలోంచి చూసి చెప్పు. ఏముంది?”

“పైన ఫర్ చెట్లు. వాటి కింద మంచులో జాడలు. ఐదారు దిగినట్టున్నాయి. ఒకటి చిన్నది, దూడేమో.”

ఆమె చెబుతూ పోయింది. అతను అడ్డు తగలకుండా విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

“రేపు నేనూ వస్తాను,” అన్నాడు. “గాలి ఎటు వీస్తోందో నేను చెబుతాను. మిగతాది నువ్వు చూడు, అమ్మాయ్.”