రాసుకోని రోజు

ఉదయం ఏడింటికి కొలనులో పిల్లలకు ఈత నేర్పుతున్న ఆమెకు అమ్మ ఫోన్ చేసింది.

"నాన్న పొద్దున్నే పుస్తకాలకు జిగురు రాస్తూ రాస్తూ ఆగిపోయారే. ఏదీ గుర్తుండట్లేదు. ఆసుపత్రికి తీసుకొచ్చాను. నీకోసమే, చిట్టి ఇంకా లా కాలేజీ నుంచి రాలేదేమని ఒకటే అడుగుతున్నారు."

లా చదువు మధ్యలో మానేసి ఆమె ఈ ఉద్యోగంలో చేరిందని, బైండింగ్ పనిచేసే ఆ నాన్నే రెండేళ్ల కిందట "నా గడప తొక్కకు" అన్నాడు. అప్పట్నుంచి తండ్రీకూతుళ్లకు పలకరింపులు లేవు.

తడి జుట్టుతోనే పరుగెత్తింది. కిటికీ పక్క మంచం మీద కూర్చున్న నాన్న ఆమెను చూడగానే వెలిగిపోయాడు.

"వచ్చావా చిట్టీ! జుట్టెందుకలా తడిసింది?"

"ఈతకెళ్లాను నాన్నా."

"జలుబు చేస్తుంది, ఇలా రా." భుజం మీది తువ్వాలుతో తల తుడిచాడు. ఐదు నిమిషాలకు మళ్లీ, "వచ్చావా చిట్టీ!" మళ్లీ తువ్వాలు. జుట్టు ఆరిపోయాక, ఎందుకింత రేగిందంటూ వేళ్లతో సర్దాడు. కిటికీలోంచి పడ్డ ఎండ గోడ మీద మెల్లగా జరుగుతోంది. ఆమెకు కలలో ఉన్నట్టుంది. నాన్న బాగుపడాలని ఒక మనసు, ఈ కల చెదరకూడదని ఇంకో మనసు.

ఆరోజు తీసిన స్కానింగులో ఏమీ కనపడలేదు. మర్నాటికి నాన్నకు అన్నీ గుర్తొచ్చాయి, ఆ ఒక్క రోజు తప్ప. గుమ్మంలో కూతుర్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"దీన్నెవరు రమ్మన్నారు?"

"మీరే!" అమ్మ గయ్యిమంది. "నిన్నంతా మీ నోట దాని పేరు తప్ప ఇంకో మాట లేదు."

"మతిపోయిందని నాతో నాటకాలాడుతున్నారా?"

ఆమె వెళ్లిపోలేదు.

మూడోరోజు మళ్లీ ఎమ్మారై తీసి, డాక్టరమ్మ ముగ్గురినీ తెర ముందు కూర్చోబెట్టింది.

"ఇది హిప్పోకాంపస్. మెదడులో కొత్త జ్ఞాపకాలు రాసుకునే చోటు. ఈ చిన్న తెల్లచుక్క చూశారా? ఒకటి రెండు రోజులు ఆగితేగానీ ఇది బయటపడదు. భయం లేదు, కొన్ని వారాల్లో చుక్క పోతుంది."

"మరి ఆ రోజు?" అన్నాడు నాన్న.

"అది రాదండీ. అసలు రాసుకుంటేగా, చదువుకోవడానికి!"

నాన్న ఆ చుక్క వంక చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా కూతురివైపు తిరిగాడు.

"ఏం చేశాను నేను?"

"నా తల తుడిచావు నాన్నా. పదకొండుసార్లు."

"తిట్టలేదూ?"

"ఒక్కసారి కూడా."

"ఆ రోజు మర్చిపోయింది కోపాన్నొక్కదాన్నేనన్నమాట" అని ఆయన కళ్లొత్తుకున్నాడు. అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. "నీ దగ్గర ఎంతమంది నేర్చుకుంటున్నారు?"

రెండేళ్లలో ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"ఇరవైముగ్గురు."

"నీళ్లంటే భయపడేవాళ్లనేం చేస్తావు?"

"భయం పోయేదాకా చెయ్యి వదలను నాన్నా" అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.